మోసపు కాల్స్‌పై పోరులో ల్యాండ్‌లైన్‌కు అందని రక్షణ

న్యూఢిల్లీ: మధ్యాహ్న భోజనాలు ముగిసి ఇల్లు సద్దుమణిగిన వేళ హాలులో ఫోన్ మోగుతుంది. రిసీవర్ ఎత్తగానే ముందే రికార్డు చేసిన ఓ గొంతు హిందీలోనో, ఇంగ్లిషులోనో పలుకుతుంది. మరో రెండు గంటల్లో మీ టెలిఫోన్ కనెక్షన్ నిలిచిపోనున్నదని, వివరాలకు 9 నొక్కాలని చెబుతుంది. నొక్కితే ఈసారి మనిషే మాట్లాడతాడు. టెలికాం శాఖ అధికారినని పరిచయం చేసుకుంటాడు. మీ ఆధార్‌తో వేరే నగరంలో మరో కనెక్షన్ తీసుకున్నారని, దానిపై కేసు నమోదైందని, పోలీసు అధికారికి లైన్ కలుపుతానని అంటాడు. ఇలా మొదలయ్యే సంభాషణ కొన్ని ఇళ్లలో గంటల తరబడి, మరికొన్ని ఇళ్లలో రోజుల తరబడి సాగి, పదవీ విరమణ నాడు చేతికందిన సొమ్మంతా పరుల ఖాతాలకు చేరడంతో ముగుస్తోంది.

కనెక్షన్ తొలగిస్తామంటూ తాము ఎవరికీ ఫోన్ చేయబోమని టెలికాం శాఖ, భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) పలుమార్లు ప్రకటించాయి. అయినా ఈ తరహా కాల్స్ ఆగలేదు. 2024లో సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు కోల్పోయిన మొత్తం రూ.22,845 కోట్లని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు తెలిపింది. అంతకు ముందు ఏడాది ఇది రూ.7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు దాటిన ఈ నష్టమంతా ఫోన్ కాల్స్ వల్లనే జరిగినది కాదు. అయితే ‘డిజిటల్ అరెస్టు’గా పేరుపడిన మోసంలో తొలి అడుగు దాదాపు ఎప్పుడూ ఫోన్ కాలే.

గడచిన మూడేళ్లలో కేంద్రం, ట్రాయ్, టెలికాం సంస్థలు చేపట్టిన రక్షణ చర్యలు తక్కువేమీ కావు. కానీ వాటిలో ఎక్కువ భాగం తెర ఉన్న ఫోన్‌ను, యాప్ ఉన్న చేతిని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. తెర లేని ఇంటి ఫోన్, దాని పక్కన కూర్చునే వయోవృద్ధులు ఆ రూపకల్పనలో వెనుక వరుసలోనే ఉండిపోయారు.

ల్యాండ్‌లైన్ కథ ముగిసిందన్న భావన ఇందుకు ఒక కారణం కావచ్చు. ఆ భావన పూర్తిగా సరైనది కాదు. 2020లో సుమారు 2 కోట్లకు పడిపోయిన వైర్‌లైన్ కనెక్షన్లు ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ విస్తరణతో 2025 మార్చి నాటికి 3.7 కోట్లకు చేరాయి. ఇంటర్నెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఆ నంబరుకు చాలా ఇళ్లలో ఫోన్ సెట్టే తగిలించలేదన్నదీ నిజమే. తగిలించిన ఇళ్లలో మాత్రం దాన్ని ఎత్తేది ఎక్కువగా పెద్దవారే.

నంబరే చిరునామా

మోసగాడి కోణం నుంచి చూస్తే ల్యాండ్‌లైన్ నంబరులో ఉన్న సమాచారం మొబైల్ నంబరులో లేదు. మొబైల్ నంబరును బట్టి మనిషి ఎక్కడున్నాడో చెప్పలేం. ల్యాండ్‌లైన్‌కు ముందున్న ఎస్‌టీడీ కోడ్ ఊరిని చెప్పేస్తుంది. 0866 అంటే విజయవాడ, 0891 అంటే విశాఖపట్నం, 0870 అంటే వరంగల్. ఆ తర్వాతి అంకెలు ఎక్స్ఛేంజీని బట్టి పేటను కూడా సూచిస్తాయి. ఒక ఎక్స్ఛేంజీ పరిధిలోని నంబర్లు వరుస సంఖ్యలు కావడంతో, కంప్యూటర్ ద్వారా ఒకదాని తర్వాత ఒకటి డయల్ చేసుకుంటూ పోతే ఎవరి జాబితా అవసరమూ లేకుండానే కాలనీ మొత్తాన్ని పలకరించవచ్చు. పక్కింట్లో మోగి ఆగిన ఫోన్ కాసేపటికి మనింట్లో మోగడానికి కొన్నిసార్లు కారణం ఇదే.

పైగా ల్యాండ్‌లైన్ నంబరు సులభంగా మారదు. ఇరవై, ముప్పై ఏళ్లుగా అదే నంబరు వాడుతున్న కుటుంబాలున్నాయి. ఒకప్పటి టెలిఫోన్ డైరెక్టరీల్లో పేరు, ఇంటి నంబరు, వీధితో సహా అది అచ్చయింది. బ్యాంకు దరఖాస్తుల్లో, బీమా పత్రాల్లో, గ్యాస్ కనెక్షన్ పుస్తకంలో చేరింది. ‘ఫలానా వీధిలో ఉండే ఫలానా గారేనా?’ అని అపరిచితుడు ఫోన్‌లో అడిగితే అతడు నిజంగానే ఏదో కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాడన్న నమ్మకం కలగడం సహజం.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి మరో కోణం ఉంది. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడగా తల్లిదండ్రులు మాత్రమే ఉండే ఇళ్లు కోస్తా పట్టణాల నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల దాకా ఎన్నో. విదేశీ కాల్స్ అన్నింటినీ అడ్డుకోవడం వంటి సులువైన పరిష్కారం వీరికి మింగుడుపడదు. వాట్సాప్ వచ్చాక ఆ అవసరం తగ్గినా, ఇంటర్నెట్ పనిచేయని రోజు పిల్లలు ఫోన్ చేసేది ఇంటి నంబరుకే.

భాష సంగతీ విస్మరించరానిది. ఈ కాల్స్‌లో అధికారిగా నటించేవాడు చాలా సందర్భాల్లో హిందీ, ఇంగ్లిషు కలగలిపి మాట్లాడతాడు. తెలుగు మాత్రమే బాగా వచ్చిన పెద్దవారికి ఆ మాటల్లో సగమే అర్థమవుతాయి. అర్థం కాని ఆ సగం అనుమానానికి బదులు భయాన్ని కలిగిస్తుంది. ఢిల్లీ నుంచి, ముంబయి నుంచి వచ్చే అధికారిక స్వరం హిందీలోనే ఉంటుందన్న అలవాటు వల్ల ఆ భాషే యూనిఫాంగా పనిచేస్తోంది. ‘డిజిటల్ అరెస్టు’ అన్న మాటా అటువంటిదే. అది భారతీయ చట్టాల్లో ఎక్కడా లేదు. ఫోన్‌లోనో, వీడియోలోనో మనిషిని అరెస్టు చేసే అధికారం ఏ సంస్థకూ లేదు. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 27 నాటి ‘మన్ కీ బాత్’లో ఈ సంగతే చెప్పారు. లేని అధికారానికి ఉన్నట్లు వినిపించే పేరు పెట్టడంలోనే మోసంలో సగం పూర్తయింది.

మోసగాడి చేతిలోనూ అదే ల్యాండ్‌లైన్

ల్యాండ్‌లైన్‌ను బాధితుల కోణం నుంచి మాత్రమే చూస్తే చిత్రం అసంపూర్ణం. 040తోనో, 080తోనో, 022తోనో మొదలయ్యే నంబరు తెరపై కనిపిస్తే అది కార్యాలయమై ఉంటుందని మొబైల్ వినియోగదారులు కూడా నమ్ముతారు. ఆ నమ్మకమే అద్దెకు దొరుకుతోంది. వ్యాపార సంస్థలకు టెలికాం కంపెనీలు ఇచ్చే పీఆర్‌ఐ లైన్ ఒక్కదానిపై ఒకేసారి 30 సంభాషణలు జరపవచ్చు. ఇంటర్నెట్ ఆధారిత ఎస్‌ఐపీ కనెక్షన్‌తో వందల నంబర్లు ఒకే గది నుంచి నడుస్తాయి. వ్యక్తులకు సిమ్ కార్డు ఇచ్చేటప్పుడు జరిగే పరిశీలనపై ఎంతో చర్చ జరిగింది. వ్యాపార కనెక్షన్లను ఎవరు, ఎందుకు తీసుకుంటున్నారన్న ప్రశ్న మాత్రం ఆలస్యంగానే ముందుకు వచ్చింది.

2024 ఆగస్టు 13న ట్రాయ్ ఇచ్చిన ఆదేశాలు ఈ లోపంపై గురిపెట్టాయి. నమోదు కాని టెలీమార్కెటర్ల వద్ద ఉన్న ఎస్‌ఐపీ, పీఆర్‌ఐ సహా అన్ని కనెక్షన్లనూ తొలగించి, రెండేళ్ల వరకు ఏ ఆపరేటరూ వారికి కొత్త కనెక్షన్ ఇవ్వకుండా బ్లాక్‌లిస్టులో పెట్టాలన్నది వాటి సారాంశం. మూడు వారాలు తిరగకముందే 2.75 లక్షలకు పైగా నంబర్లు, కనెక్షన్లు రద్దయ్యాయి. 50కి పైగా సంస్థలు బ్లాక్‌లిస్టులో చేరాయి. ఇంత తక్కువ సమయంలో ఇన్ని లైన్లు దొరికాయంటే అంతకాలమూ అవి ఆపరేటర్ల కళ్లెదుటే ఉన్నాయని అర్థం. ఒక నంబరు నుంచి రోజుకు వేల కాల్స్ వెళుతూ, వాటిలో అత్యధికం కొన్ని క్షణాల్లోనే ముగుస్తున్నప్పుడు ఆ సంగతి నెట్‌వర్క్ లెక్కల్లో కనిపించకపోదు.

2025 ఫిబ్రవరిలో నిబంధనలు మరింత కఠినమయ్యాయి. అవాంఛిత కాల్‌పై ఫిర్యాదుకు గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. నమోదు కాని వారిపై ఆపరేటర్లు చర్య తీసుకునే గడువు 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య మొదలు కావాలి. అంతకు ముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు అవసరమయ్యేవి. అవాంఛిత కాల్స్ లెక్కలను తప్పుగా చూపే ఆపరేటర్లకు తొలిసారి రూ.2 లక్షలు, రెండోసారి రూ.5 లక్షలు, ఆపై ప్రతిసారీ రూ.10 లక్షల జరిమానా ఖరారైంది.

ఇంటి ఫోన్ దాకా వచ్చినవి, రానివి

ఇన్ని చర్యల్లో ల్యాండ్‌లైన్ వినియోగదారుకు నిజంగా ఉపకరించినవి ఏవన్నది అసలు ప్రశ్న. దీనికి ఒక సులభమైన కొలమానం ఉంది. కాల్ ఇంటికి చేరకముందే నెట్‌వర్క్‌లోనే పనిచేసే ఏర్పాటు ఏదైనా ఇంటి ఫోన్‌కు కూడా మేలు చేస్తుంది. కాల్ వచ్చాక తెరపై ఏదో చూపించి నిర్ణయాన్ని మనిషికి వదిలేసే ఏర్పాటు తెర లేని ఫోన్‌కు ఉపకరించదు.

మొదటి కోవలో ప్రధానమైనది 2024 అక్టోబరు 22న టెలికాం శాఖ ప్రారంభించిన వ్యవస్థ. విదేశాల నుంచి వస్తూనే భారతీయ నంబరుగా కనిపించే కాల్స్‌ను ఇది దేశ సరిహద్దులోనే గుర్తించి ఆపుతుంది. మొదలైన 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్‌ను నకిలీ నంబర్లతో వచ్చినవిగా గుర్తించి అడ్డుకున్నట్లు ప్రభుత్వం తెలిపింది. భారతీయ నంబర్లతో ఆ రోజు విదేశాల నుంచి వచ్చిన కాల్స్‌లో ఇవి 90 శాతం. ఈ దారి మూసుకుపోవడంతో ముఠాలు విదేశీ నంబర్లను దాచకుండా వాడటం, దేశంలోనే సిమ్ బాక్సులు అమర్చి విదేశీ కాల్‌ను స్థానిక కాల్‌గా మార్చడం వంటి మార్గాలను పట్టుకున్నాయి. అయినా ఒక్క రోజులో కోటికి పైగా కాల్స్ ఆగాయంటే, వినియోగదారుల అప్రమత్తతపై ఎన్ని ప్రచారాలు జరిపినా ఇంతటి ఫలితం రాదని ఒప్పుకోవాలి.

రెండో కోవ పెద్దది. ప్రచార కాల్స్‌కు 140తో, బ్యాంకులు, బీమా సంస్థల సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లను కేటాయించారు. వాణిజ్య బ్యాంకులు 2026 జనవరి 1 నాటికి 1600 శ్రేణికి మారాలని ట్రాయ్ గడువు విధించింది. ఆలోచన మంచిదే. కానీ నంబరు కనిపిస్తేనే అది 1600తో మొదలైందో లేదో తెలుస్తుంది. పాత ఫోన్ సెట్టుకు అది కనిపించదు. కాల్ చేసేవారి పేరును తెరపై చూపే సీఎన్‌ఏపీ సదుపాయాన్ని ముందుగా 4జీ, 5జీ మొబైల్ నెట్‌వర్కుల్లోనే అమలు చేయాలని నిర్ణయించారు. అనుమానాస్పద కాల్స్‌పై హెచ్చరించే కృత్రిమ మేధ వ్యవస్థలను టెలికాం కంపెనీలు మొబైల్ చందాదారుల కోసం తెచ్చాయి. 2024 మార్చిలో మొదలైన ‘చక్షు’లో ఫిర్యాదు చేయాలంటే మొబైల్‌కు వచ్చే ఓటీపీ కావాలి. చివరకు సైబర్ మోసాలపై హెచ్చరించే కాలర్ ట్యూన్ కూడా మొబైల్ వినియోగదారులకు వినిపించాలన్నదే ఆదేశం.

ల్యాండ్‌లైన్‌కు మిగిలింది 1909. ఇంటి ఫోన్ నుంచే ఆ నంబరుకు కాల్ చేసి, ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకోవచ్చు. నిబంధనలు పాటించే కంపెనీల కాల్స్ దీంతో చాలావరకు తగ్గుతాయి. అపార్ట్‌మెంట్లు, రుణాలు, క్రెడిట్ కార్డుల బెడదకు ఇది కొంత ఉపశమనమే. కానీ మోసగాడు ఆ జాబితా చూసి డయల్ చేయడు. చిక్కంతా ఫిర్యాదు దగ్గరే వస్తుంది. ఫిర్యాదులో కాల్ చేసినవారి నంబరు, తేదీ చెప్పాలి. నంబరు చూపని ఫోన్‌లో కాల్ అందుకున్న వ్యక్తి ఆ నంబరు ఎక్కడి నుంచి తేవాలి? పది రోజుల్లో ఐదు ఫిర్యాదుల లెక్కలో ఇలాంటి ఇళ్లు ఒక్క అంకెగానైనా చేరవు. ఫిర్యాదులు తక్కువగా ఉన్నాయి కాబట్టి సమస్యా తక్కువే అనుకుంటే అది పొరపాటు అంచనా.

ఇతర దేశాల్లో

బ్రిటన్ ఈ సమస్యను ల్యాండ్‌లైన్ సమస్యగానే మొదట గుర్తించింది. ప్రధాన టెలికాం సంస్థ బీటీ 2017లోనే ల్యాండ్‌లైన్ వినియోగదారులకు నెట్‌వర్క్ స్థాయిలో అవాంఛిత కాల్స్‌ను మళ్లించే ఉచిత సేవను ప్రారంభించింది. అపరిచితులు ముందు తమ పేరు చెబితేనే గంట మోగించే ఫోన్ సెట్లు అక్కడి దుకాణాల్లో మామూలుగా దొరుకుతాయి. మరో పాఠమూ అక్కడిదే. పాత లైన్లలో కాల్ అందుకున్నవారు రిసీవర్ పెట్టేసినా, చేసినవారు పెట్టేదాకా లైన్ కొంతసేపు తెగేది కాదు. ‘అనుమానముంటే బ్యాంకుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి’ అని మోసగాడే సలహా ఇచ్చి, లైన్‌లోనే ఉండి, బ్యాంకు ఉద్యోగిలా మళ్లీ తానే పలికేవాడు. ఆ వ్యవధిని కొన్ని సెకన్లకు కుదించాల్సి వచ్చింది.

అమెరికా 2021 జూన్ 30 నుంచి పెద్ద ఆపరేటర్లకు కాల్ మూలాన్ని డిజిటల్ సంతకంతో ధ్రువీకరించే విధానాన్ని తప్పనిసరి చేసింది. అది ఇంటర్నెట్ ఆధారిత నెట్‌వర్కులకే వర్తించింది. పాత రాగి తీగల వ్యవస్థ మినహాయింపులో ఉండిపోయింది. అయితే అదే దేశంలో ఎన్నో ఏళ్ల నుంచి మరో చిన్న సదుపాయం ఉంది. వేధింపు కాల్ వచ్చాక రిసీవర్ పెట్టి, మళ్లీ ఎత్తి *57 నొక్కితే ఆ కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆపరేటర్ వద్ద నమోదవుతుంది. కాల్ అందుకున్న వ్యక్తికి ఆ నంబరు తెలియనవసరం లేదు.

తీగ దాటే క్షణం

ఒక్క విషయంలో మాత్రం ల్యాండ్‌లైన్ మొబైల్ కంటే సురక్షితమైనది. దానిలో లింకు నొక్కలేం. తెరను పరులకు చూపలేం. నకిలీ పోలీస్ స్టేషన్‌ను, నకిలీ కోర్టును వీడియోలో చూపి భయపెట్టడం కుదరదు. అందుకే ఇంటి ఫోన్‌లో మొదలైన మోసం అక్కడే పూర్తి కాదు. ఏదో ఒక దశలో అవతలి వ్యక్తి మొబైల్ నంబరు అడుగుతాడు. లేదా వాట్సాప్ వీడియో కాల్‌కు రమ్మంటాడు. వాంగ్మూలం నమోదు చేయాలంటాడు, ఎవరికీ చెప్పవద్దంటాడు, గది తలుపు వేసుకోమంటాడు. ఈ మలుపు వద్ద రిసీవర్ పెట్టేస్తే జరిగే నష్టం దాదాపు సున్నా. 9 నొక్కినంత మాత్రాన ఖాతాలో డబ్బు మాయమైపోదు. దాని వల్ల జరిగేది ఈ నంబరు ఎత్తే మనిషి ఉన్నాడని అవతలివారికి తెలియడమే.

కాబట్టి పెద్దవారికి పది జాగ్రత్తలు ఏకరువు పెట్టడం కంటే ఒక్కటి అలవాటు చేయడం మేలు. ఇంటి ఫోన్‌కు వచ్చిన అపరిచితుడికి, అతడు ఎవరినని చెప్పుకున్నా, మొబైల్ నంబరు ఇవ్వకూడదు. బ్యాంకు నుంచే ఆ కాల్ వచ్చి ఉంటే మొబైల్ నంబరు వారి వద్ద ముందే ఉంటుంది. సందేహం తీర్చుకోవాలంటే పాస్‌బుక్ మీద అచ్చయిన నంబరుకు, వీలైతే మరో ఫోన్ నుంచి కాల్ చేయాలి. నంబరు చూపే ఫోన్ సెట్టు కొనుక్కొని, కాలర్ ఐడీ సదుపాయం ఇమ్మని ఆపరేటర్‌ను అడగడం కూడా ఉపకరిస్తుంది. డబ్బు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే పరువు గురించి ఆలోచిస్తూ రాత్రంతా గడపకుండా వెంటనే 1930కు ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారకముందే ఫిర్యాదు అందితేనే బ్యాంకులు దాన్ని నిలిపివేయగలుగుతాయి.

అయితే 75 ఏళ్ల వ్యక్తి ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం, ఆ ఐదు నిమిషాల్లో తీసుకునే నిర్ణయం మీదే మొత్తం రక్షణ వ్యవస్థ ఆధారపడటం సమంజసం కాదు. హరియాణాకు చెందిన వృద్ధ దంపతులు నకిలీ కోర్టు ఉత్తర్వులకు భయపడి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకొని రాసిన లేఖను 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. డిసెంబరు 1న ఈ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఇటువంటి నేరాల్లో దేశవ్యాప్తంగా పోయిన సొమ్ము రూ.3,000 కోట్ల మేర ఉంటుందని విచారణలో కోర్టు దృష్టికి వచ్చింది. దర్యాప్తు ఎక్కువగా డబ్బు వెళ్లిన దారిని, అంటే ఖాతాలను, బ్యాంకులను అనుసరించి సాగుతుంది. కాల్ వచ్చిన దారి మీదా అంతే శ్రద్ధ అవసరం.

అందుకు కొత్త యంత్రాలేవీ కొనక్కర్లేదు. లైసెన్సు నిబంధనల ప్రకారం ప్రతి ఆపరేటర్ కాల్ వివరాలను కనీసం రెండేళ్లు భద్రపరచాలి. ఇంటి ఫోన్‌కు నిన్న మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు వచ్చిన కాల్ ఏ నంబరు నుంచి వచ్చిందో ఇంట్లోవారికి తెలియకపోయినా ఆపరేటర్ కంప్యూటర్‌కు తెలుసు. ల్యాండ్‌లైన్ వినియోగదారు 1909కు కాల్ చేసి సమయం చెబితే చాలు, మిగతా వివరం ఆపరేటరే నింపుకొనేలా ఫిర్యాదు విధానాన్ని మార్చడం ట్రాయ్‌కి సాధ్యమైన పని. కాలర్ ఐడీని ల్యాండ్‌లైన్లన్నింటికీ అడగకుండానే ఇవ్వాలని ఆదేశించడమూ అంతే. ప్రస్తుతానికి ఆ ఫిర్యాదులో కాల్ చేసినవారి నంబరు చెప్పడం తప్పనిసరి.